దండెం కర్రకు కట్టిన చెయ్యి

పోయినవాటిని ముందు లెక్కపెట్టి పక్కన పెడతాను. అప్పుడు మిగిలింది తేటగా కనిపిస్తుంది.

కరోనా వచ్చిన ఆ మార్చిలో నాకు పోయినవి: స్లాబు దాకా వచ్చి ఆగిన ఇళ్లు మూడు, ఊళ్లకు వెళ్లిపోయిన మేస్త్రీలు ఇద్దరు, ఇళ్ల కట్టుబడికి ఇనుము, సిమెంటు లెక్కలు వేసి బతికే నా పని మొత్తం. నేను అక్కా అని పిలిచే ఆమెకు పోయినవి అంతకన్నా ఎక్కువ. యూనివర్సిటీ క్యాంటీన్ వెనక జరగవలసిన ఒక విందు, ఒక స్నాతకోత్సవం, హాస్టళ్లు మూసేస్తే ఉన్నపళంగా ఊళ్లు పట్టిన పిల్లలు పన్నెండు మంది, వాళ్ల వెనక రావలసిన ఇంకో పన్నెండు మంది, తాను చదువుకున్న నాటి నుంచి ఒక్క ఏడూ తెగకుండా వస్తున్న ఒక వరస. మొన్న చలికాలంలో ఆమే పోయింది. పోయినవాటి పద్దు అక్కడికి ముగిసింది.

ఆమె నా దగ్గరికి మొదట వచ్చింది ఉప్పల్‌లో తన ఇంటి మిద్దె మీద ఒక గది వేయించడానికి. నేను నాచారం మెయిన్ రోడ్డులో ఇనుము కొట్టు మీది గదిలో కూర్చుంటాను. పదో తరగతి దగ్గర ఆగి, అదే కొట్టులో గుమాస్తాగా ఉంటూ, ఇంజినీర్లు పారేసిన ప్లాన్ కాగితాలు చూసి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఏ కాలేజీలో చదివావని ఆమె అడిగితే ఏ కాలేజీలోనూ లేదండీ అన్నాను. "మంచిదే. మరిచిపోయేందుకు ఏం లేదు నీకు," అంది. మేడమ్ అని పిలవబోతే ఆపేసింది. కరెంటాఫీసులో రిటైరయ్యేదాకా ఆ మాట విని విని చెవులు దిబ్బళ్లు పడ్డాయట. అక్కా అనాలట. నా 'అండీ'ని మాత్రం మాన్పించలేకపోయింది. మావాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. "మీ అండీలన్ని కలిపితే ఇంకో అంతస్తు లేస్తది," అనేది.

ఆ గది ఎందుకంటే, పరీక్షల ముందు హాస్టల్ దొరకని ఆడపిల్లలు ఉండటానికి. అద్దె లేదు. ఎందుకు చేస్తున్నారని అడిగితే, "వంతు," అంది. ఆ ఒక్క మాట అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

యూనివర్సిటీలో ఆఖరి ఏడాదివాళ్లలో ఒక పన్నెండు మంది ఉంటారు. వాళ్లను డజను అంటారు. చదువుకున్న రోజుల్లో ఆమె కూడా అందులో ఒకతె. బోర్డు లేదు, గోడ మీద పేర్లు లేవు, గ్రూప్ ఫోటో లేదు. ర్యాంకులతో సంబంధమే లేదు. "ర్యాంకులకు గోల్డు మెడళ్లున్నయ్ గద, వాళ్లకేం తక్కువ," అనేది ఆమె. పక్క గదిలో జ్వరంతో పడుకున్నవాడికి గంజి మోసుకెళ్లినవాళ్లు, మెస్సు బిల్లు కట్టలేని పిల్ల పేరు నోటీసు బోర్డెక్కకుండా చూసినవాళ్లు, చేసింది చెప్పుకోనివాళ్లు. వెళ్లిపోయే డజను అలాంటివాళ్లను ఏడాదంతా గమనిస్తుంది. మార్చిలో ఒక పొద్దున, క్యాంటీన్ దగ్గర, ఒక్కొక్కరు వెళ్లి ఒక్కొక్కరి ఎడమ భుజం మీద కుడిచెయ్యి వేసి "ఇగ నీ వంతు" అంటారు. ఆ తరవాత ఏడాదంతా పని. కొత్తగా చేరేవాళ్ల ట్రంకు పెట్టెలు మోయాలి. స్నాతకోత్సవం నాడు ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు నీళ్లిచ్చి, నీడ చూపించి, వాళ్ల బిడ్డ వేదిక ఎప్పుడెక్కుతుందో పక్కన కూర్చుని చెప్పాలి. డజనువాళ్లు తమ పట్టాలు అందరికన్నా ఆఖరున తీసుకుంటారు. ఆ రాత్రికి బగారా అన్నం, దాల్చా, అదే విందు.

పట్టింపులు కొన్ని ఉన్నాయి. నన్ను తీసుకోండని అడిగినవాళ్లు ఇక లేనట్టే. చెయ్యి ముందు, మాట వెనక: చెయ్యి పడేదాకా పేరు అడగకూడదు, సూచన ఇవ్వకూడదు. పడ్డ చేతిని వెనక్కి తీయరు.

ఈ మూడో పట్టింపు ఆమె ఒంట్లోకి దిగిపోయింది. ఎక్కడ నిలబడినా చేతులు వెనక్కి కట్టుకునేది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఫోటోకి నిలబడితే ఈమె ఒక్కతే చివరన, కాపలాకు వచ్చిన మనిషిలా. సిటీ బస్సు బ్రేకు కొడితే పక్కవాళ్లను పట్టుకోకుండా సీటు కమ్మీని కౌగిలించుకునేది. "ఊకె ముట్టరాదు. చెయ్యికి విలువుంటది," అని ఒకసారి చెప్పింది. వినడానికి గొప్పగా ఉన్న మాటే, కానీ ఆమె చెప్పినప్పుడు బస్సు కమ్మీకి గడ్డం తగిలి వాచి ఉంది.

ఇంకొకటి, ఎవరైనా థాంక్స్ అంటే ముఖం చిట్లించుకునేది. థాంక్స్ చెప్పినవాళ్లకు వెంటనే ఏదో ఒక పని అప్పజెప్పేది. మిద్దె మీది గదిలో ఉండి వెళ్లిన పిల్లలకు ఈ సంగతి తెలిసి, చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లు. చూసేవాళ్లకు కృతఘ్నుల్లా కనిపించేవాళ్లు. ఆమెకు మాత్రం అదే మర్యాద.

లాక్‌డౌన్ సడలించిన మొదటి వారంలో ఆమె నా గదికి వచ్చింది. నేను పని లేక పాత లెక్కలే మళ్లీ మళ్లీ సరిచూసుకుంటున్నాను. వెళ్లిపోయిన డజను ఆమెకు ఫోన్ చేశారట. ఎవరి భుజం మీద చెయ్యి వేయాలనుకున్నారో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు, కానీ ఆ చెప్పినవాళ్లున్నది సూర్యాపేటలో, కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో. బస్సుల్లేవు. జిల్లాల్లో ఉన్న పేర్లు అయిదు. వాటికి అక్కడున్న పాత డజనువాళ్లను వెతికి పట్టుకుంది. మిగిలిన ఏడూ మనవైపే: ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మల్కాజిగిరి, జవహర్‌నగర్. వాటికి తనే వెళ్లాలి. నా స్కూటర్ కావాలి.

ఫోన్‌లో చెబితే సరిపోదా అన్నాను.

"ఫోన్‌ల చెయ్యి పడ్తదా?" అంది.

దూరం పాటించాలి కదండీ, ఆరడుగులు అన్నాను. దానికి ఆమె ముందే సిద్ధమై ఉంది. మిద్దె మీద ఎత్తు తీగకు బట్టలు ఆరేసే దండెం కర్ర చివర, పాత నేత చీర చింపి కుట్టిన చెయ్యి. లోపల దిండు దూది. అయిదు వేళ్లూ ఉన్నాయి. కుడిచెయ్యే కావాలి కాబట్టి బొటనవేలు ఏ పక్క ఉండాలో తేల్చుకోలేక రెండుసార్లు విప్పి కుట్టిందట. ఆమె కళ్లలో నవ్వు లేదు. ఆ వరస తన చేతుల్లో తెగిపోతుందేమోనన్న భయం ఉంది. ఒక్క ఏడాది తెగితే ఆ తరవాతి ఏడాదివాళ్ల భుజం మీద చెయ్యి వేయడానికి ఎవరూ ఉండరు. నాలాంటివాడికి ఆ సంగతి చప్పున అర్థమవుతుంది. సున్నాతో గుణిస్తే వచ్చేది సున్నాయే.

ఏడు ఇళ్లకు దగ్గరి దారి నేను కట్టాను. ఉప్పల్‌లో మొదలై జవహర్‌నగర్‌లో ముగిసేది. వెనక సీటు మీద ఆమె నా భుజం పట్టుకోలేదు. వెనక ఉన్న ఇనుప పట్టీని ఒక చేత్తో, కర్రను ఇంకో చేత్తో పట్టుకుంది. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆ గుడ్డచెయ్యి నా హెల్మెట్ మీద తడుతూ ఉంది. లెక్కలోకి రాదు కదండీ అని అడిగితే, "నువ్వు చదివేటోడివైతె సూద్దుం," అంది.

ఉప్పల్ రింగురోడ్డులో కానిస్టేబుల్ ఆపాడు. కర్రను కింది నుంచి పైకి చూసి, ఏంది ఇది అన్నాడు.

"చెయ్యి," అంది ఆమె.

"అది కనవడ్తనే ఉన్నదమ్మా. ఎవలిది?"

"ఎవలి మీద వడ్తె వాళ్లది."

ఆయన ఎండదెబ్బ తగలకుండా చూసుకోమని నాకు చెప్పి వదిలేశాడు.

ఉప్పల్‌లో మొదటి ఇంటి దగ్గర గేటు బయటి నుంచి కర్ర చాచి కుర్రాడి భుజం మీద చెయ్యి పెడితే, వాళ్లమ్మ దిష్టి తీస్తున్నాం అనుకుని లోపలికి పరుగెత్తి ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చింది. ఆ అబ్బాయికి మాత్రం చెయ్యి పడీ పడగానే తెలిసిపోయింది. మాస్కు పైన కళ్లు రెండూ నిండాయి. తల ఊపాడు. మిరపకాయలు పట్టుకున్న తల్లికి ఏం చెప్పుకున్నాడో తెలియదు. రెండో ఇంట్లోనూ, నాచారంలోనూ సాఫీగా జరిగింది. ఆమె మెల్లగా పాట కూడా అందుకుంది.

నాలుగోది మల్లాపూర్. ఫ్యాక్టరీల వెనక సందులో మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకు నాలుగు పోర్షన్లు. అక్కడ పై పోర్షన్లో ఉండే అమ్మాయిదే మా చేతిలో ఉన్న పేరు. పట్టింపు ప్రకారం నేను ఫోన్ చేసి, యూనివర్సిటీ నుంచి పార్సిల్ వచ్చింది, కిందికి రండి అని మాత్రం చెప్పాను. అయిదు నిమిషాలకు ఒక అమ్మాయి దిగి వచ్చింది. మాస్కు, తల మీద చున్నీ, చేతిలో ఖాళీ నీళ్ల బిందె. గేటు అవతల నిలబడింది. అక్క కర్ర చాచింది. చెయ్యి ఎడమ భుజం మీద సరిగ్గా పడింది.

"ఇగ నీ వంతు," అంది అక్క.

"దేనికి వంతు? నల్లా రేపు గద వచ్చేది," అంది ఆ అమ్మాయి.

తరవాత తెలిసింది. పై పోర్షన్ అమ్మాయికీ, ఇంట్లో వాళ్లకూ జ్వరాలు. గడప దాటడం లేదు. పార్సిల్ తెచ్చి గుమ్మం బయట పెట్టమని పక్క పోర్షన్ పిల్లను పంపింది. ఈ పిల్ల మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి మల్లాపూర్లో మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో పనిచేస్తుంది. ఇంటర్‌తో చదువు ఆగింది. కంపెనీ మూసి ఉంది. ఆ నెలంతా ఆ మెట్ల మీద జ్వరాలొచ్చిన పోర్షన్లకు నీళ్లూ బియ్యమూ మోస్తూ ఉంది.

పేరు అడిగి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. లోకంలో ఎవరైనా పేరు అడిగే పార్సిల్ ఇస్తారు. అడగకూడదన్న పట్టింపు ఉన్నవాళ్లకే ఇలాంటిది జరుగుతుంది.

"నేను కాదక్కా. పైన ఉన్నామె చదివేది. నేను చదువుకోలే," అంది ఆ పిల్ల. భుజం మీది గుడ్డచేతిని చూసుకుంది గానీ తోసేయలేదు. చెయ్యి కదిపితే చిరుగుతుందేమో అన్నట్టు నిలబడింది.

అక్క కర్ర వెనక్కి తీయలేదు. నేను చెవి దగ్గర అన్నాను, ఇది లెక్కలోకి రాదండీ, మనిషి మారింది, మళ్లీ వేయొచ్చు అని. ఆమె వినిపించుకోలేదు. ఆ పిల్ల చేతిలోని బిందెను చూసింది.

"నీళ్లు ఎవలికి?" అని అడిగింది.

"అందరికీ. లేవలేరు గద."

"ఎవలన్న చెప్పిన్రా మొయ్యమని?"

"ఎవలు చెప్తరు. కనవడ్తుంటె."

అక్క అప్పుడు కర్ర దించింది. "పడ్డ చెయ్యి పడ్డదే," అంది. "నువ్వు చదువుకోలేదన్నది నీ తప్పు గాదు, నా తప్పు గాదు. చదువు. వంతు మాత్రం ఇయ్యాల్టి నుంచే."

మల్కాజిగిరి చేరేలోపు అక్క స్కూటర్ ఆపించి జరిగింది ఫోన్‌లో చెప్పింది. గొడవ మొదలైంది. పై పోర్షన్ అమ్మాయి పేరు చెప్పినవాడు సూర్యాపేట కుర్రాడు. స్పీకర్లో అతని గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. యూనివర్సిటీలో లేని మనిషి డజనులో ఎలా ఉంటుంది, మీరు పెద్దవాళ్లని పని అప్పజెబితే ఇలా చేస్తారా, ఈ ఏడాదితో డజను పరువు పోయింది, అని. అతని కోపంలో న్యాయం ఉంది. అతను ఎంచుకున్న పిల్ల మంచి పిల్లే. ఏడాదంతా గమనించి ఎంచుకున్నాడు.

ఆమె అంతా విన్నది. "నీ మాట నిజమే తమ్మీ. తప్పు నాదే. కని చెయ్యి గుంజుకునుడు మొదలువెడితె, రేపటి నుంచి ఎవల మీద వడ్డా వాళ్లు ఉంటదా పోతదా అని భుజం సూసుకుంటనే ఉంటరు. ఇగ అది చెయ్యి గాదు," అంది.

పదమూడు మందిని చేయొచ్చు కదండీ అని నేను అన్నాను. లెక్క నాకు అలా తేలింది.

"డజనంటె ఎంత?" అంది.

పన్నెండు అన్నాను.

"గుమాస్తావు, నీకు నేను జెప్పాల్నా?"

పై పోర్షన్ అమ్మాయికి ఏమీ చెప్పకూడదు. చెప్పి చెయ్యి వేయకపోవడం కన్నా పెద్ద తప్పు డజనులో లేదు. జవహర్‌నగర్లో ఏడో ఇల్లు ముగించి తిరిగి వస్తుంటే నాకు నిమ్మళం లేదు. అక్కా, పన్నెండుకు పన్నెండూ సరిపోయాయి గానీ ఒకటి తేలలేదండీ, ఆ పై అమ్మాయికి పడాల్సింది పడలేదు అన్నాను.

"ఎంత?"

"ఒకటి."

"నా మీద ఉంచు," అంది.

ఆ ఏడాది క్యాంపస్ తెరవలేదు. మోయడానికి ట్రంకు పెట్టెలు లేవు. పాఠాలన్నీ ఫోన్లో. మిగతా పదకొండు మంది మొదట ఈ పిల్లతో మాట్లాడటానికి మొహమాటపడ్డారు. తమ ఫోన్ గ్రూపులో ఆమెను చేర్చారు గానీ ఆమె వచ్చాక ఆ గ్రూపు నిశ్శబ్దమైపోయింది. అక్క కలగజేసుకోలేదు. నాకు కోపం వచ్చేది. "వంతు పడ్డోళ్లే పని వెతుక్కోవాలె," అనేది.

పని ఆ పిల్లకే మొదట కనపడింది. మొదటి ఏడాదిలో చేరిన పిల్లల్లో ఫోన్ లేనివాళ్లు, ఉన్నా సిగ్నల్ అందనివాళ్లు మల్లాపూర్లో, జవహర్‌నగర్లో ఎంతమంది ఉన్నారో డజనులో ఎవరికీ తెలియదు. ఆమెకు గుమ్మం గుమ్మం తెలుసు. అప్పటికి మధ్యాహ్నం షిఫ్టు ఒక్కటే నడుస్తున్న తన కంపెనీ సూపర్‌వైజర్‌ను బతిమాలి, పొద్దుటిపూట షెడ్డు తాళాలు అడిగి తెచ్చింది. పదకొండు మందీ తమ బంధువుల ఇళ్లలో పాత ఫోన్లు అడిగి పంపారు. మాత్రల డబ్బాలు పేర్చే బల్లల దగ్గర, దూరదూరంగా కూర్చుని, ఏడాదంతా పిల్లలు పాఠాలు విన్నారు. వెనక బల్ల దగ్గర నిలబడి ఈ పిల్ల కూడా విన్నది. వంతు ముగిశాక వేసవిలో డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. ఫీజు ఎంతవుతుందో, ఓవర్‌టైమ్ ఎన్ని గంటలు చేస్తే కట్టొచ్చో నా దగ్గర కూర్చుని లెక్క వేసుకుంది. ఆ లెక్కలో నేను దిద్దవలసింది ఏమీ లేకపోయింది.

వంతు పడ్డ మరుసటి మార్చిలో, క్యాంపస్ గేట్లు తెరిచాక, డజను మళ్లీ క్యాంటీన్ దగ్గరే కలిసింది. స్నాతకోత్సవం జరగని ఏడాది కాబట్టి విందూ ఆ రోజే పెట్టుకున్నారు. సూర్యాపేట కుర్రాడు కూడా వచ్చాడు. ఈ పిల్ల ఎవరి భుజం మీద చెయ్యి వేస్తుందో చూడటానికే వచ్చాడని అందరికీ తెలుసు. ముందు రోజు సాయంత్రం ఆమె ఉప్పల్ వచ్చి అక్క ముందు కూర్చుంది.

"నాకు యూనివర్సిటీ లోపట ఎవ్వలు తెల్వదక్కా. తప్పు మనిషి మీద వడ్తె?"

"నిన్ను ముట్టిననాడు నాకు నువ్వు తెల్సా?" అంది అక్క.

ఆమె చెయ్యి వేసింది జవహర్‌నగర్ నుంచి షెడ్డుకు రోజూ ఇద్దరు జూనియర్లను సైకిల్ మీద దించి, తన పాఠాన్ని షెడ్డు గేటు బయట నిలబడి ఫోన్లో వినే ఒక అబ్బాయి మీద. అతని సంగతి డజనులో ఎవరికీ తెలియదు. సూర్యాపేట కుర్రాడు గిన్నె దగ్గరికి వెళ్లి, ఆమెకు బగారా అన్నం తనే వడ్డించాడు. అక్క చేతులు వెనక్కి కట్టుకుని చివరన నిలబడి ఉంది. ఇంటికి వస్తూ స్కూటర్ మీద నిద్రపోయింది. ఆమెను నేను నిశ్చింతగా చూసింది ఆ ఒక్కసారే.

ఆ పిల్ల ఇప్పుడు అదే యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. వంతు ముందు వచ్చి చదువు తరవాత వచ్చినవాళ్లు డజనులో ఇంకెవరూ లేరు. ఆ మల్లాపూర్ ఇంటి పోర్షన్ల నుంచి ఇంకా నలుగురు ఆడపిల్లలు ఆమె వెనకే డిగ్రీలో చేరారు. ఆ నలుగురినీ చూపించి అక్కా, ఇక సరిపోయినట్టే కదండీ అని నేనొకసారి అన్నాను. అక్క ఒప్పుకోలేదు. ఒకరికి ఎక్కువిచ్చామని ఇంకొకరిది కొట్టేయరాదంది. ఆ మాట సరైనదే. వచ్చినవి ఒక పద్దు, ఇవ్వవలసింది ఇంకో పద్దు. రెంటినీ కలిపితే లెక్క అందంగా ఉంటుంది గానీ నిజం కాదు.

చలికాలంలో అక్క పోయింది. నిద్రలోనే. ఉప్పల్ ఇంటి ముందు నిలబడినవాళ్లలో నాకు తెలిసినవాళ్లు తక్కువ. అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. ఎవరూ పెద్దగా ఏడవలేదు, ఎవరూ ఆమె చేసింది చెప్పుకోలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఏదో ఒక పని అందుకున్నారు. కుర్చీలు వేసేవాళ్లు వేశారు, టీ పోసేవాళ్లు పోశారు. ఆఖరున ఎవరో కప్పులు కూడా కడిగారు.

పదకొండో రోజు తరవాత ఆ పిల్ల నాచారంలో నా గదికి వచ్చింది. అప్పటికి ఆమె నన్ను అన్నా అని పిలవడం అలవాటైపోయింది.

"అన్నా, అక్క మీద ఒకటి ఉండాలె గద," అంది.

ఉందన్నాను. ఆ సంగతి అక్కే ఎప్పుడో ఆమెకు చెప్పి ఉండాలి.

"పోయినోళ్ల మీద ఉంచుడు మంచిగ లేదు. నా మీదికి మార్చు."

తీర్చే దారేదైనా ఉందా అని అడిగాను. దారి లేని బాకీ ఎవరి మీదా రాయకూడదని నా నియమం. ఉందంది. పై పోర్షన్ అమ్మాయి ఉద్యోగం చేస్తూనే మళ్లీ చదవాలనుకుంటోంది, పరిశోధనకు ఎంట్రెన్స్ రాసింది. సీటు వస్తే ఆమెకు మళ్లీ ఒక ఆఖరి ఏడాది వస్తుంది. అప్పటి డజనుతో తను మాట్లాడుతుంది. ఆమెకు ఈ సంగతి ఏదీ తెలియదు, తెలియకూడదు. అందుకే ఆమె పేరు గానీ, చదివిన సబ్జెక్టు గానీ నేను ఇక్కడ రాయడం లేదు.

"ఆమెకు సీటు రాకపోతే?" అన్నాను.

"మల్ల రాపిస్త. పుస్తకాలు నేనే తెచ్చిచ్చిన," అంది. ఇంకేదో క్లాసుకు ఆలస్యమవుతోందని లేచింది.

ఆమె మెట్లు దిగాక పద్దులో పేరు మార్చాను. మనిషి మారింది, అంకె మారలేదు. ఈ రోజు వరకు ఇవ్వవలసింది: ఒకటి.